సర్వీస్ చెయినింగ్ టెస్ట్‌బెడ్: ఫైర్‌వాల్‌లోకి వచ్చిన ప్యాకెట్ ముందుకు సాగడం లేదు

బ్రాడీపేట విద్యార్థి, గుంటూరు:
ఎంటెక్ ప్రాజెక్టు కోసం మా ల్యాబులో రెండు పాత సర్వర్ల మీద ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ట్రాఫిక్ ముందు ఫైర్‌వాల్ గుండా, తరువాత ఐడీఎస్ (చొరబాట్లను పసిగట్టే వ్యవస్థ) గుండా వరుసగా వెళ్ళేలా, అంటే సర్వీస్ చెయినింగ్‌కు, టెస్ట్‌బెడ్ కట్టాను. పోర్ట్ పెయిర్లు (ప్యాకెట్ లోపలికి వచ్చే, బయటికి పోయే పోర్టుల జతలు), ఫ్లో క్లాసిఫయర్ (ఏ ట్రాఫిక్‌ను మళ్ళించాలో చెప్పేది), పోర్ట్ చెయిన్ (ఆ జతల వరుస) అన్నీ ఏ ఎర్రరూ లేకుండా తయారయ్యాయి. అయినా ఫైర్‌వాల్ నడిచే వీఎంలోకి (వర్చువల్ మెషీన్) ప్యాకెట్ రావడం టీసీపీడంప్‌లో (ప్యాకెట్లను చూపే సాధనం) కనిపిస్తున్నది గాని, అది ఐడీఎస్‌కు చేరడం లేదు.

బెజవాడ అడ్మిన్:
ఆ వీఎంలో ఐపీ ఫార్వార్డింగ్ (తనది కాని ప్యాకెట్‌ను ముందుకు పంపే సెట్టింగ్) విలువ 1గా ఉన్నదా? రెండు ఇంటర్‌ఫేసులూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఆర్‌పీ ఫిల్టర్‌ను (సోర్స్ చిరునామాకు తిరుగు దారి సరిపోకపోతే ప్యాకెట్‌ను పారవేసే తనిఖీ) కూడా ఆపవలసి ఉంటుంది. ఇవి సరిగా ఉంటే నా అనుమానమంతా న్యూట్రాన్ (ఓపెన్‌స్టాక్‌లో నెట్‌వర్క్ చూసే భాగం) పోర్ట్ సెక్యూరిటీ మీదే. పోర్టుకు కేటాయించిన చిరునామా కాక మరో సోర్స్ చిరునామాతో బయటికి వచ్చే ప్యాకెట్‌ను అది సడీచప్పుడూ లేకుండా పారవేస్తుంది; ఫైర్‌వాల్ చేసే పనేమో ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపడమే కదా. సెక్యూరిటీ గ్రూపులు ముందు తొలగించి, ఫైర్‌వాల్, ఐడీఎస్ పోర్టులకు మాత్రమే పోర్ట్ సెక్యూరిటీని ఆపండి.

బ్రాడీపేట విద్యార్థి:
పోర్ట్ సెక్యూరిటీయే అండి, కృతజ్ఞతలు. ఇప్పుడు పింగ్ వెళ్తున్నది, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో నిలిచిపోతున్నది. వీఎంల ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1450గానే ఉన్నది.

మంగళగిరి ఇంజనీరు:
ఆ 1450లోనే చిక్కు ఉన్నది. వీఎక్స్‌ల్యాన్‌కు (సర్వర్ల మధ్య ప్యాకెట్లను చుట్టి పంపే టన్నెల్) 50 బైట్లు పోగా 1500లో మిగిలేది సరిగ్గా అంతే. కాని ఓవీఎస్ (ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్) డ్రైవర్ ఒక సర్వర్ నుంచి మరొక సర్వర్‌కు చెయిన్‌ను మోసుకుపోవడానికి ప్యాకెట్‌కు ఎంపీఎల్ఎస్ లేబుల్ (దారి చెప్పే చిన్న గుర్తు) తగిలిస్తుంది, దానికి మరో 4 బైట్లు కావాలి. ఫ్రాగ్మెంట్ చేయవద్దన్న గుర్తుతో 1418, 1422 బైట్ల పింగ్‌లు పంపి చూడండి (28 బైట్ల హెడర్లు కలిసి అవి 1446, 1450 అవుతాయి). మొదటిది వెళ్ళి రెండవది ఆగితే ఇదే కారణం. రేపు ఎంపీఎల్ఎస్ బదులు ఎన్‌ఎస్‌హెచ్‌కు (సర్వీస్ చెయిన్ల కోసమే ఉన్న హెడర్) మారినా ఈ లెక్క తప్పదు: దాని ఎండీ టైప్ 1 రకం హెడర్ ఒక్కటే 24 బైట్లు. పైగా ఎన్‌ఎస్‌హెచ్ అర్థం కాని ఫైర్‌వాల్ ముందు ఆ హెడర్‌ను తీసి మళ్ళీ తగిలించే ప్రాక్సీ పెట్టవలసి వస్తుంది.

బ్రాడీపేట విద్యార్థి:
మీరన్నట్టే 1422 ఆగింది. మా స్విచ్‌లో జంబో ఫ్రేములు (1500 బైట్లు మించిన పెద్ద ఫ్రేములు) లేవు కనుక వీఎంల ఎంటీయూను 1446కు దించాను, ఫైలు పూర్తిగా వచ్చింది. నిన్న కరెంటు పోయి సర్వర్లు మళ్ళీ లేచాక చెయిన్ తెగింది. ఆర్‌పీ ఫిల్టర్ మార్పును ఫైలులో భద్రపరచకపోవడం నా పొరపాటే.

బెజవాడ అడ్మిన్:
ఒక్క మాట. చెయిన్‌ను సిమెట్రిక్‌గా (రెండు దిశలకూ వర్తించేలా) చేశారా? అలా చేయకపోతే తిరుగు ప్యాకెట్లు ఫైర్‌వాల్‌ను తాకకుండా వెళ్తాయి, దాని కనెక్షన్ ట్రాకింగ్‌కు సగం సంభాషణే కనిపిస్తుంది.