ఆడటానికెళ్ళిన దేశం భాష రాకపోతే తప్పు ఆటగాడిదా, క్లబ్బుదా?

బరంపురం_వింగర్:
నిన్న రాత్రి గిరి రోడ్డులో టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇంటికొచ్చినా బుర్రలోంచి పోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను, మీ మాట కూడా చెప్పండి. ఫుట్‌బాలర్ గేరెత్ బేల్ సంగతి వచ్చింది. వేల్స్ వాడు, 2013లో రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళి 2022 దాకా ఉన్నాడు, 5 చాంపియన్స్ లీగులు గెలిచాడు, 2018 కీవ్ ఫైనల్లో బెంచీ మీంచి లేచొచ్చి లివర్‌పూల్ మీద రెండు గోల్స్ కొట్టాడు, అందులో ఆ బైసికిల్ కిక్ ఇప్పటికి చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటోణ్ణి స్పెయిన్ పత్రికలు స్పానిష్ మాట్లాడడు మాట్లాడడు అని ఏళ్ళ తరబడి వదల్లేదు. మా ఫ్రెండ్ ఒకడు ఏమన్నాడంటే, తొమ్మిదేళ్ళు ఒక ఊరి ఉప్పు తిని ఆ ఊరి మాట నాలిక మీదకి రాలేదంటే వాడికి ఆ ఊరంటే లెక్కలేనట్టే అన్నాడు.

నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. భాష నేర్పించే బాధ్యత ముందు క్లబ్బుది. వందల కోట్లు పోసి మనిషిని తెచ్చుకున్నోళ్ళు ఆ మనిషికి నోరు కూడా ఇవ్వాలి కదా. పెద్ద క్లబ్బుల్లో ఇప్పుడు ఆటగాళ్ళ మంచీచెడూ చూడ్డానికే మనుషులుంటున్నారు, ఇల్లు వెతకడం, పిల్లల బడి, భాష చెప్పే టీచరు అన్నీ వాళ్ళే చూస్తారు, బాగానే ఉంది, కాని పద్దెనిమిదేళ్ళకి ఆఫ్రికా నుంచో బ్రెజిల్ నుంచో ఎక్కడో రెండో డివిజన్ క్లబ్బుకి వెళ్ళే కుర్రాడికి ఎవరున్నారు? వాడు అర్థం కాని భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం పెడతాడు, ఏజెంటు ఏం చెప్తే అదే నిజం.

ఇంకొకటి, చాలామందికి తెలీదు, ఎల్లో కార్డు రెడ్ కార్డు పుట్టిందే భాష రాకపోవడం వల్ల. 1966 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా. రిఫరీ జర్మనీ ఆయన, రుడాల్ఫ్ క్రైట్లైన్. అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ని బయటికి పొమ్మన్నాడు. ఈయనకి స్పానిష్ రాదు, ఆయనకి జర్మన్ రాదు. రట్టీన్ దుబాసీని పిలిపించండి అని అడుగుతూ అక్కడే నిలబడిపోయాడు, మైదానం వదలడే, ఆట ఆగిపోయింది. అప్పుడు రిఫరీల పెద్దగా ఉన్న కెన్ ఆస్టన్‌కి ట్రాఫిక్ లైట్లు చూసి ఈ రంగుల ఆలోచన వచ్చింది, 1970 మెక్సికో వరల్డ్ కప్ నుంచి కార్డులు వచ్చాయి. అంటే ఆట నడిపేవాళ్ళు సమస్య తమదే అనుకున్నారు, వెళ్ళి ఆటగాళ్ళందరూ జర్మన్ నేర్చుకోండి అని అన్లేదు. నేననేది అదే.

కిమిడి_కోట:
బాబూ, నువ్వు రాసింది మొత్తం చదివాను, కార్డుల కథ బాగుంది, కాని నీ వాదనతో నాకు పేచీ ఉంది. నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మా తాతగారు నలభై ఏళ్ళు దాటాక, మా నాన్న పలక ఆయనే పట్టుకుని రాత్రిళ్ళు లాంతరు దగ్గర ఒరియా అక్షరాలు దిద్దుకున్నారట. ఎవరూ ఆయనకి మాస్టార్ని పెట్టలేదు, కచేరీలో తన కాగితం తనే చదువుకోవాలని దిద్దారు. ఈ సరిహద్దులో మనందరం అలాగే బతికాం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా, రైలెక్కితే హిందీ. మనకి సాధ్యమైంది రోజుకి రెండు మూడు గంటలు ప్రాక్టీసు చేసి మిగతా రోజంతా ఖాళీగా ఉండే మనిషికి సాధ్యం కాదా?

దక్షిణ కొరియా సన్ హ్యూంగ్‌మిన్ పదహారేళ్ళకి, 2008లో, జర్మనీలో హాంబుర్గ్ వెళ్ళాడు. జర్మన్ నేర్చుకున్నాడు, ఇంటర్వ్యూలు జర్మన్లోనే ఇచ్చేవాడు. మైకేల్ రాబిన్సన్ అని ఇంగ్లండ్‌లో పుట్టి ఐర్లండ్‌కి ఆడినాయన 1987లో స్పెయిన్లో ఒసాసునాకి వెళ్ళాడు, ఆట మానేశాక అక్కడే టీవీలో ఫుట్‌బాల్ చెప్తూ ఉండిపోయాడు, ఆ ఇంగ్లీషు యాసతో స్పానిష్ మాట్లాడినా జనం నెత్తిన పెట్టుకున్నారు. 2020లో పోతే ఒక దేశం ఏడ్చింది. యాస తప్పయినా ప్రయత్నం ఉంటే జనం ఒప్పుకుంటారు. ప్రయత్నమే లేకపోతే ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

జయపురం_జెర్సీ:
మాస్టారూ మీ తాతగారు అక్కడే పుట్టి అక్కడే ఉండాల్సిన మనిషి. ఫుట్‌బాలరు రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చేవాడు, ఆర్నెల్లకి లోన్ మీద, అంటే వేరే క్లబ్బుకి అరువుగా, టర్కీ పంపేస్తారు, అక్కణ్ణుంచి గ్రీసు. ఎన్ని పలకలు పట్టాలి?

గుణుపురం_కీపర్:
నాకు పుస్తకాల సంగతులు తెలీవు గాని గోల్‌లో నిలబడి చూసింది చెప్తాను. మూడేళ్ళ కింద వంశధార పక్కన మా టోర్నీకి కలకత్తా నుంచి ఒక ఆఫ్రికా కుర్రాణ్ణి తెచ్చారు, స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో అడ్డుకునేవాడు. మంచి పొడుగు, తలతో ఏ బంతీ వదిలేవాడు కాదు. మా టీములో అప్పటికే మూడు భాషలు, నేను తెలుగు, లెఫ్ట్ బ్యాక్ ఒరియా, మిడ్‌ఫీల్డ్ ఇద్దరూ సవర పిల్లలు. మొదటి మ్యాచ్‌లోనే కార్నర్ వచ్చింది, బంతి నా చేతికొస్తుంది, నేను "నాదీ" అని గొంతు చించుకుని అరిచాను. వాడికేం తెలుసు నాది అంటే? వాడూ లేచాడు నేనూ లేచాను, వాడి మోచెయ్యి నా నోటికి తగిలి ముందు పన్ను విరిగింది, బంతి వెళ్ళి గోల్‌లో పడింది.

వాడే ఎక్కువ బాధపడ్డాడు. హాఫ్ టైమ్‌లో నా పక్కకొచ్చి కూర్చుని ముంజేతికి తెల్ల టేపు చుట్టుకుని బాల్‌పెన్ను నా చేతికిచ్చాడు, రాయి అని సైగ చేశాడు. టీమంతా కూర్చుని తేల్చుకున్నాం, అందరికీ వచ్చేది ఒరియా కాబట్టి ఒరియా మాటలే. మోర అంటే నాది, ఛాడ అంటే వదిలెయ్, పఛరే అంటే వెనకాల ఉన్నాడు. మూడే. ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం వాడి టేపు మీద. సెకండాఫ్‌లో చెమటకి సిరా కారిపోయింది గాని అప్పటికే వాడికి వచ్చేశాయి. ఆ టోర్నీలో మళ్ళీ ఒక్క గోల్ కూడా అలా పోలేదు. కాబట్టి మాస్టారి మాటా నిజమే వింగరన్న మాటా నిజమే, వాడు చెయ్యి చాపాడు, మేం పెన్ను పట్టుకున్నాం.

జయపురం_జెర్సీ:
నోరు లేకుండా ఆడినోళ్ళూ ఉన్నారు మరి. జపాన్ నకమురా 2005 నుంచి 2009 దాకా స్కాట్లండ్‌లో సెల్టిక్‌కి ఆడాడు, ఉన్నన్నాళ్ళూ పక్కన దుబాసీ. 2006 నవంబర్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆ ఫ్రీ కిక్ కొట్టి 1-0 గెలిపించాడు. ఆ బంతికి భాషెందుకు? ఇప్పటికీ సెల్టిక్ వాళ్ళకి ఆయన దేవుడు.

రాయగడ_లక్ష్మి:
అందరూ గోల్స్ గురించీ ఊరి మీద ప్రేమ గురించీ మాట్లాడుతున్నారు, దెబ్బ తగిలినప్పటి సంగతి ఒక్కరూ అనలేదు. నేను ఫిజియోథెరపీ చేస్తాను, అందుకని నాకు ముందు అదే తడుతుంది.

మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలో చూడండి. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, పీకడం వేరు, తిమ్మిరి వేరు, పట్టెయ్యడం వేరు. తొడ వెనక కండ పట్టేసింది అంటే ఒక రకంగా చూస్తాను, పరిగెడుతుంటే పుటుక్కుమంది అంటే ఆ మనిషిని ఇంక అడుగు వెయ్యనివ్వను. ఈ రెంటికీ మధ్య తేడా ఆ మనిషి నోట్లోంచే రావాలి, నా వేళ్ళు సగమే చెప్తాయి. మా దగ్గరికి కువి భాష తప్ప ఇంకేదీ రాని పెద్దవాళ్ళు కొండల మీంచి వస్తారు, మోకాలి మీద చెయ్యి పెట్టి చూపిస్తారు గాని అది ఎలాంటి నొప్పో, ఎప్పుడొస్తుందో చెప్పలేరు, తోడుగా మనవరాలో మనవడో రాకపోతే నా పని చీకట్లో తడుముకోవడమే. ఎక్కడ నొప్పి అన్నది వేలు చెప్తుంది, ఎలాంటి నొప్పి అన్నది వేలు చెప్పలేదు.

ఇంక తలకి దెబ్బ. గ్రౌండ్‌లోనే అడిగే ప్రశ్నలు ఐదుంటాయి, మాడక్స్ ప్రశ్నలంటారు. మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇది ఏ హాఫ్, చివరి గోల్ ఎవరు కొట్టారు, కిందటి మ్యాచ్ ఎవరితో ఆడారు, అది గెలిచారా. జవాబు తప్పితే ఆ ఆటగాణ్ణి బయటికి తీసుకురావాలి. ఇప్పుడు ఆ భాష సరిగ్గా రానోడు నీ మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడనుకోండి. మెదడు అదిరిందా, ప్రశ్న అర్థం కాలేదా? ఎలా తెలుస్తుంది? లేకపోతే వాడు అర్థం కాకపోయినా ఓకే ఓకే అని తలూపేస్తాడు, మళ్ళీ ఆటలోకి పోతాడు. పరాయి దేశంలో ఉన్నోడు తలూపడానికే అలవాటు పడతాడు.

కాబట్టి నా లెక్కలో ఇది మర్యాద సంగతి కాదు. వాడు నేర్చుకునే దాకా వాడి భాష వచ్చిన మనిషి ఒకడు బెంచీ మీద డాక్టర్ పక్కన ఉండాలి. ప్రెస్ మీట్‌కి దుబాసీని పెడతారు, స్ట్రెచర్ పక్కన పెట్టరు.

బరంపురం_వింగర్:
లక్ష్మక్కా, నేను రాత్రంతా వాదించి కూడా చెప్పలేకపోయింది మీరు చెప్పారు. రూలు గురించి కూడా ఒకటి. బ్రిటన్‌లో 12 నెలలు దాటి ఉండే ఆటగాడి వీసాకి కొంచెం ఇంగ్లీష్ వచ్చినట్టు చూపించాలి, ఏ వన్ అంటారు, అన్నిటికన్నా కింది మెట్టు. నా పేరు ఇది, నాకిద్దరు పిల్లలు, ఇంత. ఆ ఇంగ్లీషుతో పోటుకీ సలుపుకీ తేడా ఎవడు చెప్తాడు? అంటే కాగితం మీద భాష వచ్చినట్టే, మనిషికి మాత్రం రానట్టే. అందుకే రూలు పెట్టి ఊరుకుంటే చాలదంటున్నాను.

కిమిడి_కోట:
అమ్మా లక్ష్మీ, నువ్వన్నది కాదనలేను. ఆస్పత్రి విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను, అక్కడ దుబాసీ ఉండాల్సిందే. కాని బాబూ వింగర్, ఇంకో పక్క కూడా చూడు, భాష రాకపోతే ఎంత దూరం పోతుందో. 2011 అక్టోబర్లో లివర్‌పూల్ సువారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ ఎవ్రా మధ్య గొడవ. మాటలు నడిచింది స్పానిష్‌లో. నలుపుని చెప్పే ఒక మాట, ఉరుగ్వేలో స్నేహంగా కూడా వాడతామని సువారెజ్ అన్నాడు. విచారణ సంఘం భాషా పండితుల్ని కూర్చోబెట్టి ఆ మాట ఎక్కడ ఎలా పలికితే ఏ అర్థం వస్తుందో రాయించింది. నమ్మలేదు, 8 మ్యాచ్‌ల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా. తొమ్మిదేళ్ళు పోయాక 2020లో కవానీ, అదీ ఉరుగ్వేనే, ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితుడికి థాంక్స్ చెప్తూ దాదాపు అదే మాట ముద్దుగా రాశాడు. 3 మ్యాచ్‌లు, లక్ష పౌండ్లు. ఉరుగ్వే భాషా అకాడమీ వాళ్ళు ఇది మా మాట, మీకు అర్థం కాలేదు అని నిరసన తెలిపారు.

వెళ్ళిన చోట తన మాట ఎలా వినపడుతుందో తెలుసుకోవాల్సింది ఎవరు? ఆటగాడే. అది వేరేవాడు వాడి బదులు చెయ్యలేడు.

జయపురం_జెర్సీ:
ఆ రెండూ ఒకటి కావు మాస్టారూ. సువారెజ్ ఎదురుగా నిలబడి గొడవలో అన్నాడు, తాకినోడికి తాకింది. కవానీ తన స్నేహితుడికి తన భాషలో రాసుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఉన్నావు కాబట్టి నీ స్నేహితుడితో కూడా మా చెవులకి తగ్గట్టు మాట్లాడు అంటే అది భాష నేర్చుకోవడం కాదు, భాష మానుకోవడం. మనం కటక్‌లో ఆఫీసులో కూర్చుని ఫోన్లో అమ్మతో తెలుగు మాట్లాడితే పక్కోడు చూసే చూపు మీకు తెలుసు కదా.

కిమిడి_కోట:
తెలుసు నాయనా. బాగా తెలుసు. ఆ మాట ఒప్పుకుంటాను.

బరంపురం_వింగర్:
ఇక్కడే నా అసలు బాధ. మన భువనేశ్వర్ ఒడిశా ఎఫ్‌సీ 2023 ఏప్రిల్లో సూపర్ కప్ గెలిచింది, ఫైనల్లో బెంగళూరు మీద 2-1, రెండు గోల్స్ కొట్టింది బ్రెజిల్ డియెగో మౌరీసియో. ఆ రాత్రి ఎవరైనా ఆయనకి ఒరియా వచ్చా అని అడిగారా? అడగలేదు, అడక్కూడదు కూడా. గెలిచిన రోజు భాష ఎవరికీ గుర్తు రాదు, ఓడిన రోజే గుర్తొస్తుంది. బేల్ గాయాలతో బెంచీ మీదకి పోయాకే కదా ఆయన నోరు జనానికి మరీ ఎక్కువ కనపడింది.

కలకత్తా ఈస్ట్ బెంగాల్లో 1949 నుంచి 1953 దాకా ఐదుగురు ఫార్వర్డ్‌లు ఆడారు, పంచపాండవులనేవారు. అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, సాలె, అహ్మద్ ఖాన్. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. ఆ పేర్లలో అప్పారావు అని చదివినప్పుడల్లా నాకు మా మేనమామే గుర్తొస్తాడు. బెంగాలీ వాళ్ళు పురాణంలోంచి పేరు తీసి వాళ్ళని సొంతం చేసుకున్నారు. అది ఊరి వైపు నుంచి జరిగిన పని. ఊరు ముందు పిలిస్తే మనిషి పలుకుతాడు అంటాను.

కిమిడి_కోట:
పిలిస్తే పలకాలంటే వాడికి పిలుపు అర్థం కావాలి కదా బాబూ. అర్జెంటీనా పొచెటినో 2013లో సౌతాంప్టన్‌కి కోచ్‌గా వచ్చినప్పుడు పక్కన దుబాసీని పెట్టుకునే ప్రెస్‌తో మాట్లాడాడు, కొన్నాళ్ళకి టోటెన్‌హామ్‌లో నేరుగా ఇంగ్లీషే. ఇంకో కోచ్ బియెల్సా లీడ్స్‌లో ఉన్నన్నాళ్ళూ దుబాసీతోనే నడిపించి 2020లో జట్టుని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు, అదీ నిజమే, నువ్వు అనకముందే నేనే అంటున్నాను. అయినా నేను తెలుగు పిల్లలకి ఒరియా, ఒరియా పిల్లలకి తెలుగు నేర్పినవాణ్ణి, తప్పుల భయం పోయిన రోజు పిల్లవాడి మొహం ఎలా వెలుగుతుందో చూశాను. ఆ వెలుగు దుబాసీ ఇవ్వలేడు. నా పట్టు ఇంతవరకే, రూలు వద్దు గాని ఆశ పెట్టుకోవడం తప్పు కాదు.

రాయగడ_లక్ష్మి:
ఆశ సరే మాస్టారూ, ముందు స్ట్రెచర్ పక్కన మనిషి.

గుణుపురం_కీపర్:
సంక్రాంతి టోర్నీకి మళ్ళీ ఇద్దరు బయటోళ్ళు వస్తున్నారంట. ఈసారి మ్యాచ్‌కి ముందే టేపు రాసిస్తాం. లక్ష్మక్క చెప్పింది చదివాక మూడు మాటలకి ఇంకో రెండు కలపాలనిపిస్తుంది, పట్టేసింది, తెగినట్టుంది. ఒరియాలో మా లెఫ్ట్ బ్యాక్‌ని అడుగుతాను, సవరలో ఎలా అంటారో తెలిసినోళ్ళు ఇక్కడుంటే రాయండి, మా మిడ్‌ఫీల్డ్ పిల్లలు ఇద్దరికీ దెబ్బ తగిలినప్పుడు మేం ఇప్పటిదాకా ఒక్కసారి కూడా సవరలో అడగలేదు.