మోకాలి లిగమెంట్ వదులు: మిషన్ చెప్పిన మిల్లీమీటర్లా, డాక్టర్ చెయ్యా?

కబడ్డీ_రైడర్: ఏసీఎల్ (మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా ఆపే లిగమెంట్) ఆపరేషన్ అయి ఏడాది. మోకాలి వదులు కొలిచే కేటీ-1000 మిషన్‌తో చూస్తే రెండు మోకాళ్ల మధ్య తేడా 2 మి.మీ. వచ్చింది. వారం తిరక్కుండా ఇంకో చోట అదే మిషన్‌తో 4 అన్నారు. డాక్టర్ గారు చేత్తో కాలు లాగి చూసే లాక్‌మన్ టెస్ట్ చేసి "గట్టిగానే ఉంది" అంటున్నారు. 3 దాటితే తెగినట్టే అని ఎక్కడో చదివా. టెన్షన్‌గా ఉంది.

ఫిజియో_గుంటూరు: కంగారు పడకండి. మోకాలు 20-30 డిగ్రీలు వంచి, మోకాలి కింది ఎముకను ముందుకు లాగి కొలుస్తాం. నొప్పి వస్తుందని మీరు తొడ వెనక కండరం కాస్త బిగపట్టినా అంకె పడిపోతుంది. పాదం పక్కకు తిరిగినా మారుతుంది. కొలిచే మనిషి మారితే ఆపాటి తేడా మామూలే. అయినా నా ఓటు మిషన్‌కే. "గట్టిగానే ఉంది" అన్న మాటను ఆర్నెల్ల తర్వాత దేనితో పోలుస్తాం?

ఎముకల_డాక్టర్: ఒప్పుకోను. లాగినప్పుడు చివర్లో టక్కున ఆగిందా, మెత్తగా సాగిపోయిందా అన్నది చేతికే తెలుస్తుంది. పైగా ఆ మిషన్ కొలిచేది ముందుకూ వెనక్కీ కదలికే. ఆటలో మోకాలు జారేది మెలి తిరిగినప్పుడు. దానికి కాలిని మెలితిప్పి చూసే పివట్ షిఫ్ట్ టెస్ట్ చేయాలి.

ఫిజియో_గుంటూరు: సర్, మెలకువగా ఉన్న పేషెంట్ పివట్ షిఫ్ట్ చేయనిస్తాడా? మత్తు ఇచ్చాకే వదులని తేలే మోకాళ్లు ఎన్ని లేవు! పేషెంట్‌ది లావు తొడ, డాక్టర్‌ది చిన్న చెయ్యి అయితే లాక్‌మన్ కూడా అంతంతమాత్రమే.

ఎముకల_డాక్టర్: అది నిజమే. ఇంకో చిక్కుంది. పీసీఎల్ (ఎముక వెనక్కి జారకుండా ఆపే లిగమెంట్) తెగి ఉంటే ఎముక ముందే వెనక్కి జారి ఉంటుంది. లాగితే మామూలు చోటికి వస్తుంది, అంతే. మనం ఏసీఎల్ పోయిందనుకుంటాం. అక్కడ మిషనూ మోసపోతుంది, చెయ్యీ మోసపోతుంది.

కబడ్డీ_రైడర్: ఇంతకీ నేను ఆడొచ్చా లేదా?

ఎముకల_డాక్టర్: అది ఈ అంకె ఒక్కటే తేల్చదు తమ్ముడూ. వదులున్నా హాయిగా ఆడేవాళ్లున్నారు, అంకె బాగున్నా మోకాలు నిలవనివాళ్లూ ఉన్నారు. తొడ బలం, ఒంటికాలి గెంతు చూపించుకో. ముందు ఒకటి చెప్పు, రిపోర్టుల్లో ఎంత బలంతో లాగారో రాశారా? 89 న్యూటన్లతో వచ్చినదాన్నీ 134తో వచ్చినదాన్నీ పోల్చకూడదు.

కబడ్డీ_రైడర్: మొదటిదాంట్లో 89 అని ఉంది సర్. రెండోదాంట్లో ఏమీ రాయలేదు.

ఫిజియో_గుంటూరు: అయితే ఆ 4ని పక్కన పెట్టండి. మొదట కొలిచినవాళ్ల దగ్గరే, అదే బలంతో మళ్లీ కొలిపించుకోండి.