ముదురు చెక్క నేల మీదకు ఎలాంటి తివాచీ తీసుకోవాలి?

ప్రశ్న – తిరుపతి, భవానీనగర్ నుంచి

అందరికీ నమస్కారం. పోయిన నెల మా హాలుకు చెక్క ఫ్లోరింగ్ వేయించాము. రంగు బాగా ముదురు, వేయించిన కాఫీ గింజలా ఉంటుంది. పగలు అందంగానే ఉంది. సాయంత్రం దీపాలు వేశాక మాత్రం గది ఇరుకైపోయినట్టు, దిగులుగా అనిపిస్తోంది. సోఫా కూడా ముదురు గోధుమ రంగుదే. హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. 7 అడుగుల సోఫా పొడుగు గోడకు ఆనుకొని ఉంది.

తివాచీ పరిస్తే గదికి వెలుగు వస్తుందని మా వదిన అన్నారు. నిన్న గాంధీ రోడ్డుకు వెళ్లి రగ్గు కావాలని అడిగితే కప్పుకునేవి తీసి చూపించారు. నేల మీదకని చెప్పాక తివాచీలు పరిచారు. 5 అడుగులకు 7 అడుగుల మెరూన్ తివాచీ, పెద్ద పూలది, మావారికి బాగా నచ్చింది. నాకు మనసొప్పలేదు. ఎందుకో చెప్పలేక, మళ్లీ వస్తామని చెప్పి వచ్చేశాము. తెలిసినవారు కాస్త చెప్పండి.

జవాబు – రేణిగుంట నుంచి

మాదీ ఇలాంటి నేలే అక్కా. ఇంకేమీ ఆలోచించకుండా తెల్లటిది తీసుకోండి. పరిచిన రోజే మా గది రెండింతలైనట్టు అనిపించింది.

జవాబు – చిత్తూరు నుంచి

అమ్మా, ఇళ్లకు కర్టెన్లు, సోఫా బట్టలు, తివాచీలు ఎంచి అమర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ మనసు సరిగ్గానే చెప్పింది. మెరూన్, కాఫీ పేరుకే వేరు వేరు రంగులు, ముదురుతనంలో రెండూ ఒకటే. దుకాణంలో తెల్లటి టైల్స్ మీద, ట్యూబ్‌లైట్ల కింద వెలిగిపోయే మెరూన్ మీ ఇంట్లో నేలలో కలిసిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. దుకాణంలో తివాచీకి, ఇంట్లో నేలకు, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫోనుతో ఫొటోలు తీసి రెండింటినీ నలుపు తెలుపులోకి మార్చి పక్కపక్కన చూడండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ తివాచీ మీకు వద్దు. ఎన్నో ఇళ్లలో భార్యాభర్తల వాదన ఈ ఒక్క ఫొటోతో తీరిపోయింది.

తర్వాత నేల చాయ చూడాలి. ఉదయం కిటికీ దగ్గర నేల మీద ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి. కాగితం పక్కన చెక్క ఎర్రగా కనిపిస్తుందా, నలుపు తిరిగిన బూడిదలా కనిపిస్తుందా? ఎరుపు చాయ ఉంటే నీలిమందు నీలం, ఆకుపచ్చ కలిసిన లేత రంగులు దానికి చక్కగా తోడవుతాయి. బూడిద చాయ ఉంటే ఆవాల పసుపు, ఇటుక రంగు వంటి వెచ్చటి రంగులు కావాలి. రెండింటికీ నప్పేవి మీగడ రంగు, గంధం రంగు, ఎండుగడ్డి రంగు.

రేణిగుంట సోదరి చెప్పిన తెలుపుతో గది పెద్దదిగా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ మనం ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాము. పాదాల పసుపు, కుంకుమ, గుమ్మంలోంచి వచ్చే ధూళి అన్నీ దాని మీదే తేలతాయి. ముదురు నేల తెల్ల దుమ్మును చూపిస్తుంది, తెల్ల తివాచీ నల్ల మరకను చూపిస్తుంది. రెండూ ఒకే గదిలో ఉంటే మీకు తుడవడమే పని అవుతుంది. మీగడ రంగు మీద అక్కడక్కడ ముదురు పోగులో, చిన్న గళ్లో ఉన్నది తీసుకుంటే వెలుగూ దక్కుతుంది, మరకలూ అంతగా కనిపించవు.

అడిగినవారు

ఫొటో తీసి చూశాము. మీరు చెప్పినట్టే రెండూ ఒకే బూడిద. మావారు కూడా ఒప్పుకున్నారు! కాగితం పక్కన చెక్క కొంచెం ఎర్రగానే ఉంది. ఇంకో రెండు విషయాలు చెప్పడం మరిచాను. సోఫా ఎదుటి గోడకు పెద్ద శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. ఇంకొకటి, దర్శనానికని బంధువులు నెలకు రెండు మూడుసార్లైనా వస్తారు. హాల్లోనే కూర్చుని భోంచేస్తారు, హాల్లోనే పడుకుంటారు. మందపాటి తివాచీ వేస్తే ఎలా అని భయంగా ఉంది.

జవాబు – చిత్తూరు నుంచి

ఈ రెండు మాటలతో మీ ప్రశ్న సగం తీరిపోయిందమ్మా. తిరుపతిలో హాలంటే వచ్చినవారికి పడకగది కూడా. అక్కడ వేసేది చుట్టి మూల నిలబెట్టగలిగేదిగా ఉండాలి. కుచ్చులు పొడుగ్గా ఉన్న మెత్తటి తివాచీలో అన్నం మెతుకు పడితే తీయడం కష్టం, సాంబారు పడితే ఇక చెప్పనక్కర్లేదు. నేను మీ ఇంటికైతే నూలు జంపఖానా తీసుకుంటాను. పలుచగా, గట్టిగా ఉంటుంది, రెండు వైపులా వాడవచ్చు. చేత్తో నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉన్ని మీద ఇష్టం ఉంటే మన రాష్ట్రంలోనే ఏలూరు తివాచీలు ఉన్నాయి. అవి ఎంతో అందమైనవి, కానీ భోజనాల కింద పరిచేవి కావు.

రంగు కోసం దుకాణాల్లో వెతకకండి, మీ కలంకారీనే దగ్గరగా చూడండి. ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన నలుపుతో గీతలు ఉంటాయి. ఎరుపు, పసుపు, నీలిమందు నీలం వాటి మధ్య ఉంటాయి. వీటన్నిటి వెనకాల కరక్కాయ, పాలు పట్టిన గుడ్డ లేత మీగడ రంగు ఉంటుంది. ఆ వెనకాల రంగునే తివాచీకి తీసుకోండి. అంచుకు మాత్రం ఆ బొమ్మల్లోని నీలం రానివ్వండి. పూలు, బొమ్మలు కింద వద్దు. గోడ మీద కథ నడుస్తుంటే నేల నిశ్శబ్దంగా ఉండాలి.

ఇక కొలత. 5కు 7 మీకు చాలదు. సోఫా పొడవే 7 అడుగులు కాబట్టి అది గది మధ్యలో తపాలా బిళ్లలా ఉండిపోతుంది. 6కు 9 చూడండి. సోఫాకు అటూ ఇటూ చెరో అడుగు బయటికి రావాలి, సోఫా ముందు కాళ్లు తివాచీ మీదకు ఎక్కాలి. కొనేముందు రెండు పాత చీరలు తీయండి. చీర 18 అడుగులు ఉంటుంది, సగానికి మడిస్తే 9. పన్నా 4 అడుగులకు కొంచెం తక్కువ. మడిచిన రెండు చీరలను పక్కపక్కన పరిచి, ఒకదాని మీదకు ఒకటి అడుగున్నర జరపండి, దాదాపు 6 అడుగులు వస్తుంది. రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి, తలుపు తట్టుకుంటుందేమో చూడండి.

జవాబు – శ్రీకాళహస్తి నుంచి

ఒక హెచ్చరిక చెప్పాలనిపించింది. తివాచీ జారుతోందని దుకాణంలో ఇచ్చిన చౌక రబ్బరు పట్టా మేము కింద వేశాము. రెండు వేసవులు గడిచాక తీసి చూస్తే, ఆ పట్టా అల్లిక గళ్లు చెక్క మీద పచ్చగా అచ్చు పడి ఉన్నాయి. ఎంత తుడిచినా పోలేదు. ఆ మూల చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

జవాబు – చిత్తూరు నుంచి

చాలా అవసరమైన మాట చెప్పారు. ప్లాస్టిక్, చౌక రబ్బరు పట్టాలు వేడికి చెక్క పైపూతతో కలిసిపోతాయి. మన ఎండల్లో అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒత్తిన ఉన్ని పట్టా గానీ, చెక్క నేలకు పనికొస్తుందని రాసి ఉన్న సహజ రబ్బరుది గానీ వేయండి.

తివాచీనీ తిరగేసి చూడండి. వెనకాల గుడ్డ జిగురుతో అంటించి ఉంటే అది చేత్తో ముడివేసింది కాదు. కొన్నేళ్లకు ఆ జిగురు పొడిపొడిగా రాలుతుంది. చేత్తో ముడివేసినదైతే ముందున్న బొమ్మే వెనకా కనిపిస్తుంది. ఉన్ని అని చెప్పి అమ్మితే దుకాణదారును అడిగి ఒక పోగు తీసుకుని కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద నలిగితే ఉన్ని, కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్ పోగు.

అడిగినవారు

చీరలు పరిచి చూశాము. 6కు 9 సరిగ్గా సరిపోయింది, బాల్కనీ తలుపుకు జానెడు దూరంలో ఆగింది. మీగడ రంగు జంపఖానా, నీలం అంచుది, ఆర్డరు ఇచ్చాము. చివరి సందేహం ఒకటి. ఆ తలుపులోంచి సాయంత్రం ఎండ నేరుగా నేల మీద పడుతుంది. తివాచీ కింద నేల రంగు మారిపోతుందా?

జవాబు – చిత్తూరు నుంచి

మారుతుంది. ఎండ తగిలిన చోటు, తగలని చోటు వేర్వేరు చాయలకు వస్తాయి. మొదటి ఏడాది పలుచటి కర్టెన్ వేయండి. రెండు మూడు నెలలకొకసారి తివాచీ తీసి నేలను కొన్నాళ్లు ఖాళీగా వదలండి, పరిచేటప్పుడు ఆ కొసను ఈ కొసకు తిప్పండి. మీ ఇంటికి బంధువులు వచ్చినప్పుడల్లా ఎలాగూ తీస్తారు కాబట్టి ఇది కష్టం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు మాత్రం ఉతికిన జంపఖానా పూర్తిగా ఆరకుండా నేల మీద పరచకండి. తడి పట్టిన పలకల అంచులు ఉబ్బితే మళ్లీ సర్దుకోవడం కష్టం.