కొత్త ఇంజన్ కారుకు రెండేళ్ల ముందే ఫెరారీ ఎఫ్8ను ఎందుకు తెచ్చినట్లు?

నల్లగొండలో ఎం.బి.ఏ. చదువుతూ, ఖరీదైన స్పోర్ట్స్ కార్ల కంపెనీలు కొత్త మోడళ్ల విడుదలను ఎలా నిర్ణయిస్తాయన్న అంశంపై ప్రాజెక్టు నివేదిక రాస్తున్నాను. ఫెరారీ 458 ఇటాలియా 2009లో, 488 జీటీబీ 2015లో, ఎఫ్8 ట్రిబ్యూటో 2019లో రాగా, వి6 హైబ్రిడ్ (ఆరు సిలిండర్ల ఇంజన్‌కు విద్యుత్ మోటారు తోడైనది) అయిన 296 జీటీబీ 2021లోనే వచ్చింది. లంబోర్గినీ మాత్రం గల్లార్డో (2003), హురకాన్ (2014), టెమెరారియోల (2024) మధ్య పదేళ్లకు తగ్గకుండా ఆగింది.

ఆరేళ్ల చక్రమనుకొని నోటుబుక్కులో గీసిన పట్టిక ఎఫ్8 దగ్గరే తప్పింది, ఆ గడిలో ఇప్పటికీ ప్రశ్నార్థకమే ఉంది. 2014లో మొదలైన యూరో 6 (యూరప్ వాహన కాలుష్య) నిబంధనలతో పోల్చి చూస్తే టర్బో ఇంజన్‌తో వచ్చిన 488కి కొంత కారణం కనిపించింది గాని, అదే ఇంజన్ కుటుంబాన్ని కొనసాగించిన ఎఫ్8కు కనిపించలేదు. ఇలాంటి కార్లు మా వైపు అరుదు కాబట్టి అడిగేందుకు తెలిసినవారూ లేరు.

త్వరలో సరికొత్త ఇంజన్‌తో మరో కారు రానుండగా, పాత ఇంజన్‌నే మెరుగుపరచి కొత్త పేరుతో విడుదల చేయడానికి కంపెనీలు ప్రధానంగా ఏ అంశాన్ని లెక్కలోకి తీసుకుంటాయి?