నమ్మని నాన్నకు వామపక్ష పుస్తకం ఇవ్వాలా? ఇస్తే ఏది?

తెనాలి అమ్మాయి:
మా నాన్న ఎన్నో ఏళ్లు ఎరువుల దుకాణం నడిపి, ఈమధ్యే తమ్ముడికి అప్పగించారు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి. కానీ కమ్యూనిజం అన్న మాట చెవిన పడితే చాలు, "రష్యాలోనే మూసేసిన కొట్టు, ఇక్కడ తెరుస్తారా?" అంటారు. వాదించి విసిగిపోయాను. పండక్కి వెళ్లినప్పుడు ఒక పుస్తకం చేతిలో పెడదామనుకుంటున్నాను. ఏది ఇవ్వమంటారు? అసలు ఇవ్వడం మంచిదేనా?

పాత పుస్తకాల వాడు:
'మహాప్రస్థానం'. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

తెనాలి అమ్మాయి:
అది ఆయనకు సగం కంఠతా వచ్చు. నలుగురు కూర్చుంటే ఆయనే మొదలుపెడతారు. ఓటు మాత్రం ఎన్నడూ అటు పడలేదు.

లెక్కల మాస్టారు:
కవిత్వంతో ఒళ్లు పులకరిస్తుంది గానీ అదనపు విలువ, అంటే కూలి ఇచ్చాక యజమానికి మిగిలే శ్రమ ఫలం, అర్థం కాదు. రంగనాయకమ్మ గారి 'పెట్టుబడి' పరిచయం ఇవ్వండి. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లకు మార్క్సును అంత ఓపికగా విడమరచి చెప్పినవాళ్లు అరుదు.

వరంగల్ కోడలు:
మాస్టారూ, కాస్త ఆ పెద్దాయన వైపు నుంచి చూడండి. 'రామాయణ విషవృక్షం' రాసిన చేయి అని గుర్తొస్తే అట్ట కూడా తిప్పరు. పైగా జీవితమంతా కొట్లో కూర్చున్న మనిషికి లాభం ఎక్కడి నుంచి పుడుతుందో పాఠం చెప్పబోతే, మొదటి అధ్యాయంలోనే తనను దొంగ అన్నారనుకుంటారు. ఆ కొట్టు అరువు ఖాతా ఒకసారి తీయించి చూడండమ్మా. మొండి బాకీల్లో సగం కౌలు రైతులవే అయి ఉంటాయి. పాసుపుస్తకం భూమి యజమాని పేరున, చేను కౌలుదారు చేతిలో. బ్యాంకు అప్పివ్వదు కాబట్టే మీ నాన్నగారి దగ్గర అరువు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో ఇంకో చట్టం వచ్చింది. అయినా ఆ ఖాతా ఎందుకు తేలలేదో ఆయన్నే అడగండి. పుస్తకం తర్వాతి మాట.

లెక్కల మాస్టారు:
అలా అందరి మనసూ చూసుకుంటూ పోతే ఎవరికీ ఏదీ చెప్పలేం.

నల్గొండ పాఠకుడు:
నమ్మనివాళ్లకు ప్రచార పుస్తకం ఇస్తే ఇంకా గట్టిపడతారు. వామపక్షం వాళ్లు తమలో తాము తగవుపడ్డ పుస్తకాలు ఇవ్వండి. తెలంగాణ సాయుధ పోరాటాన్నే తీసుకోండి. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక కూడా తుపాకులు దించకుండా 1951 అక్టోబరు దాకా పోరాడటం సరైందేనా? పుచ్చలపల్లి సుందరయ్య సరైందేనని తన పెద్ద గ్రంథంలో వాదించారు. రావి నారాయణరెడ్డి కాదన్నారు. కాదన్న ఆయనే 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఇద్దరూ సొంత ఆస్తులు వదులుకున్నవాళ్లే. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఎవరి మాట నిజమో మీరే తేల్చండి అంటే మీ నాన్నగారు కాదనరు.

ఒక్కటే ఇవ్వాలంటే మాత్రం స్త్రీ శక్తి సంఘటన వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'. పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్నది. అందులో దొర మీద కోపం ఉంది, పార్టీ మీదా ఉంది. పోరాటం విరమించాక ఇక ఇళ్లకు వెళ్లండి అన్నప్పుడు తమకు ఎలా ఉండిందో దాచకుండా చెప్పారు. వాళ్లది నమ్మించే ధోరణి కాదు, అందుకే నమ్మాలనిపిస్తుంది.

నేనూ ఒక నాన్ననే:
మా పిల్లవాడూ నాకు ఇలాంటివి తెచ్చిస్తుంటాడు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు మాస్కో నుంచి చవగ్గా వచ్చిన గట్టి అట్టల తెలుగు పుస్తకాలు మా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పల లక్ష్మణరావు గారు అక్కడే ఉండి ఎన్నో అనువదించారు, చక్కని తెలుగు. 1932–33లో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారన్న సంగతి మాత్రం నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కోపం ఇంకా పోలేదు. మీరు ఇచ్చే పుస్తకం ఆ ప్రశ్న ఎదుర్కోకపోతే మీ నాన్న మూసేస్తారు, నేనైతే మూసేస్తాను. ఇంకోటి. ఆయన ఇచ్చే పుస్తకం మీరు చదువుతారా?

లెక్కల మాస్టారు:
1943 బెంగాల్ కరువు ఏ కమ్యూనిస్టు పాలనలో వచ్చిందండీ?

నేనూ ఒక నాన్ననే:
దాన్ని దాచమని నేను అనలేదే. ఒక కరువు పేరెత్తగానే ఇంకో కరువు అడ్డం పెట్టడమే మీ అలవాటు. సరే, నల్గొండ గారు చెప్పిన సుందరయ్య లెక్కకే వద్దాం. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపిణీ అంటారు. అది పార్టీ నాయకుడి లెక్క. ఆ ఎకరాల్లో పేదల చేతిలో చివరికి ఎంత మిగిలింది?

నల్గొండ పాఠకుడు:
న్యాయమైన ప్రశ్న. సైనిక చర్య తర్వాత దొరలు తిరిగొచ్చి చాలా చోట్ల లాక్కున్నారు. కానీ 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదారులు, అంటే భూమి నుంచి తేలిగ్గా వెళ్లగొట్టలేని కౌలు రైతులు, వచ్చారు. ఆ పోరాటం లేకుండా అవి అంత తొందరగా వచ్చేవంటే నేను నమ్మను.

నేనూ ఒక నాన్ననే:
మీరు నమ్మకపోవడం రుజువు కాదు కదా.

తెనాలి అమ్మాయి:
ఇప్పుడే ఫోనులో కౌలు బాకీల సంగతి కదిపాను. గంటసేపు మాట్లాడారు, తిట్టింది బ్యాంకుల్నీ భూమి యజమానుల్నీ. ఆడవాళ్ల పుస్తకమే తీసుకెళ్తాను. నాకేం చదవమంటారని అడిగితే, ధీరూభాయ్ అంబానీ జీవితం దొరికితే తెచ్చుకోమన్నారు.