అప్‌డేట్: ప్యాటన్ వద్దనుకుని షెర్మన్ ఎస్ తీసుకున్నాను

అనంతపురం ఎండకు, గతుకులకు వెటరన్ కంపెనీ ఎలక్ట్రిక్ యూనిసైకిళ్లలో (నిలబడి, ముందుకు వెనక్కి వాలుతూ నడిపే ఒంటి చక్రం బండ్లు) ప్యాటన్ నయమా, షెర్మన్ ఎస్ నయమా అని ఇంతకుముందు అడిగాను. బెంగళూరులో ఫ్రెండ్ దగ్గర ప్యాటన్ నడిపి చూశాను. 18 అంగుళాల టైరు, 126 వోల్టులు. చెప్పినట్టు తిరుగుతుంది, చాలా బాగుంది. అయినా మనసు షెర్మన్ ఎస్ మీదికే పోయింది. ప్యాటన్‌లో బ్యాటరీ 2220 వాట్-అవర్, దీంట్లో 3600. చార్జింగ్ తగ్గేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది, స్పీడులో మనల్ని నిలబెట్టడానికి మోటారుకు మిగిలే బలమూ తగ్గుతుంది. పెద్ద బ్యాటరీ అయితే ఆ టెన్షన్ ఆలస్యంగా మొదలవుతుంది. బండి హెచ్చరికగా కొట్టే బీప్ వినగానే వెనక్కి వాలి స్లో చేయాల్సిందే, ఏ బండయినా.

బరువు మాత్రం నిజంగా కష్టం. 40 కిలోల పైమాటే, మేడ మీదికి మోయలేం.

రోడ్డు మీదికి తీయడం లేదు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ కావాలి, దీనికి లేదు. మామయ్య చీనీ తోటలో, పొద్దున్నే, హెల్మెట్, మోకాలి గార్డులతో నడుపుతున్నాను. బండి పూర్తిగా చల్లారాకే చార్జింగ్ పెడుతున్నాను.