వాక్యం చెబుతుంటే నోట్స్ రాసుకోవాలా, ఊరికే వినాలా?

వెనక_బెంచీ
అందరికీ వందనాలు. మూడేళ్లుగా ఆదివారం ప్రసంగాలకు నోట్స్ రాస్తున్నాను. నాలుగు పుస్తకాలు నిండాయి. మొన్న సర్దుతూ ఒకటి తెరిస్తే "క్షమించడం – 3 మెట్లు" అని ఉంది, కింద రెండు గీతలు కూడా. చేతిరాత నాదే. విన్న గుర్తు మాత్రం లేదు! నేను వింటున్నానా, డిక్టేషన్ తీసుకుంటున్నానా? ఈ వారం పెన్ను ఇంట్లోనే వదిలేద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

నీలిసిరా
వదలొద్దు బ్రదర్. రాయకపోతే పదో నిమిషానికి నా మనసు వంటింట్లో ఉంటుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ ఊరివాళ్లు సువార్త చెప్పడానికి వచ్చిన పౌలు, సీల చెప్పినవి నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు. రిఫరెన్సే రాసుకోకపోతే సోమవారం ఏం పరిశోధిస్తాం?

చెవిగలవాడు
బెరయవాళ్ల ఒళ్లో నోట్‌బుక్ లేదండీ, చెవిన వేసుకునే వెళ్లారు. అదే వచనంలో "ఆసక్తితో వాక్యమును అంగీకరించి" అన్నది ముందు, పరిశోధన తర్వాత. మనం ప్రసంగం సాగుతుండగానే ఫోన్ తీసి వెదికేస్తున్నాం, అక్కణ్ణుంచి మెసేజ్‌లలోకి. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8 చూడండి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా శాస్త్రి ఎజ్రా ధర్మశాస్త్రం చదివాడు, జనం చెవియొగ్గి విని ఏడ్చారు. రాసుకుంటూ ఏడవడం కష్టం.

నీలిసిరా
త్రోయ ఊళ్లో పౌలు ప్రసంగానికి ఐతుకు అనే కుర్రాడు కూడా ఊరికే వింటూనే కూర్చున్నాడు. నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడ్డాడు :)

చెవిగలవాడు
హహ. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగించాడు, గది నిండా దీపాలు. పెన్నున్నా నిద్ర ఆగేది కాదు.

మధ్య_వరస
నేను అప్పుడప్పుడు వాక్యం చెబుతాను. అక్కడ నిలబడితే ఒకటి కనిపిస్తుంది: "మొదటిది" అనగానే తలలన్నీ ఒకేసారి వంగుతాయి. ఆ వెంటనే చెప్పే మాట కోసమే నేను వారమంతా కూర్చుని ఉంటాను. అది చెప్పేటప్పుడు ఒక్కరూ నా వైపు చూడరు, ముందు లైను పూర్తి చేస్తుంటారు. అలాగని చూసేవాళ్లంతా వింటున్నారనీ అనను, కళ్లు తెరిచి నిద్రపోవడం నాకూ వచ్చు.

నేను వినేటప్పుడు రెండే లైన్లు రాస్తాను. ఒకటి వచనం, రెండోది నన్ను గుచ్చిన మాట. ఒప్పుకోలేని చోట పక్కన ప్రశ్నార్థకం పెడతాను. దైవసేవకుణ్ణి తప్పుపట్టడమేంటి అని కొందరు కోప్పడతారు, కానీ బెరయవాళ్లు చేసింది అదేగా. ఇంటికొచ్చాక పుస్తకం మూసి ఎవరికైనా చెప్పి చూస్తాను. అక్కడ నోరు పెగలకపోతే నేను విననట్టే లెక్క.

వెనక_బెంచీ
ఆదివారం అలాగే చేశాను. మూడో లైను రాయాలని చెయ్యి ఒకటే దురద! ఇంటికొచ్చి మా ఆవిడకు ఒక నిమిషం చెప్పగలిగాను. రెండు చోట్ల నన్ను సరిదిద్దింది. నా పక్కనే కూర్చుంది, ఏమీ రాసుకోలేదు.